సాల్వాంగ్ ఎల్వర్‌హోయ్ మ్యూజియం: వెళ్ళేముందు అందరూ అడిగే ప్రశ్నలు

ఎల్.ఏ.లోనో బే ఏరియాలోనో ఉండే మనవాళ్ళు ఇండియా నుంచి అమ్మానాన్నలొస్తే తిప్పే ఊళ్ళలో సాల్వాంగ్ ఒకటి, కాలిఫోర్నియాలో డెన్మార్క్‌వాళ్ళు కట్టుకున్న చిన్న ఊరు. గాలిమర ముందు నాలుగు ఫొటోలు, బేకరీలో కాఫీ, ఇంటికి రెండు కుకీ డబ్బాలు, మళ్ళీ 101 హైవే ఎక్కేయడం, అంతే. వెనక వీధుల్లో ఎల్వర్‌హోయ్ అని ఒక మ్యూజియం ఉంది, అది కూడా చూడండి అంటే "అక్కడేముంటుంది" అంటారు, ఆ తర్వాత వరసగా ప్రశ్నలు, అందరివీ దాదాపు అవే. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా.

ఇది ఎక్కడుంది, అసలు దేని మ్యూజియం?

సాల్వాంగ్‌లోనే, ఎల్వర్‌హోయ్ వే అనే వీధిలో. మెయిన్ రోడ్ దగ్గర కారు పెట్టి నడిచి వెళ్ళిపోవచ్చు. పూర్తి పేరు ఎల్వర్‌హోయ్ మ్యూజియం ఆఫ్ హిస్టరీ అండ్ ఆర్ట్. డెన్మార్క్ నుంచి వచ్చి ఈ ఊరు కట్టుకున్నవాళ్ళ చరిత్ర ఒకవైపు, మారుతూ ఉండే ఆర్ట్ ఎగ్జిబిషన్లు ఇంకోవైపు. మ్యూజియంగా తెరిచింది 1988లో, అంతకుముందు అది ఒక శిల్పి తన కుటుంబం కోసం కట్టుకున్న ఇల్లు. కాబట్టి హైదరాబాద్ సాలార్‌జంగ్ లాంటిది మనసులో పెట్టుకుని వెళ్తే "ఇంతేనా" అనిపిస్తుంది, ఒకరింటికి వెళ్తున్నాం అనుకుని వెళ్తే బాగుంటుంది.

ఊరంతా డేనిష్‌గానే ఉంది కదా, మళ్ళీ మ్యూజియం ఎందుకు?

నా లెక్కలో ఇదే అసలు ప్రశ్న. మీరు వీధిలో చూసేది 1911లో వచ్చినవాళ్ళ ఊరు కాదు. వాళ్ళు మొదట్లో కట్టుకున్నవి అప్పట్లో కాలిఫోర్నియాలో అందరూ కట్టుకునే లాంటి మామూలు ఇళ్ళే, స్పానిష్ మిషన్ తరహావి కూడా ఉండేవి. ఈ గాలిమరలు, తెల్లగోడల మీద అడ్డంగా నిలువుగా కర్రచట్రాలు, పైకప్పు మీద చెక్క కొంగలు, ఇదంతా ఎక్కువగా రెండో ప్రపంచ యుద్ధం టైం నుంచి వచ్చింది. ఫెర్డినాండ్ సోరెన్సన్ అనే ఆయన డెన్మార్క్ వెళ్ళొచ్చి ఆ పద్ధతిలో ఒక ఇల్లు, దాంతోపాటు ఒక గాలిమర కట్టుకున్నాడు. 1947లో సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్ అనే పెద్ద పత్రికలో ఈ ఊరి గురించి వ్యాసం వచ్చింది, జనం చూడ్డానికి రావడం మొదలెట్టారు, ఇక షాపులవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ముందుభాగాలు మార్చుకుంటూ పోయారు. చాలా చోట్ల ఆ కర్రలు బరువు మోసేవి కాదు, గోడకి అతికించినవి.

దాన్ని మోసం అని నేను అనను, చిన్న వ్యవసాయపు ఊరు, బతుకుతెరువు దొరికింది, పట్టుకున్నారు, తప్పేముంది. కానీ వలస వచ్చినవాళ్ళు ఏం తెచ్చుకున్నారు, ఏం నేర్పారు, చేతుల్తో ఏం చేశారు అన్నది తెలియాలంటే ఆ వీధి సరిపోదు. ఊళ్ళో పెట్టిన కాపెన్‌హాగెన్ లిటిల్ మెర్మెయిడ్ (జలకన్య) విగ్రహానికి సగం సైజు బొమ్మ, అక్కడి రౌండ్ టవర్‌కి మూడో వంతు సైజు నకలు, ఇవి చూస్తే డెన్మార్క్ పోస్ట్‌కార్డు చూసినట్టుంటుంది. ఈ ఊరిని కట్టినవాళ్ళ గురించి చెప్పేది మ్యూజియమే.

కాలిఫోర్నియాలో డేనిష్‌వాళ్ళు ఏంటి, ఎలా వచ్చి పడ్డారు?

డెన్మార్క్ నుంచి ఓడ దిగి నేరుగా ఇక్కడికొచ్చారనుకుంటారు చాలామంది, కాదు. సాల్వాంగ్ అమెరికాలోనే ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరిగిన రెండో వలస. బెనెడిక్ట్ నార్డెన్‌టాఫ్ట్, జెన్స్ గ్రెగర్సన్, పేదర్ హార్న్‌సిల్డ్ అని ముగ్గురు, చర్చి పాస్టర్లూ పంతుళ్ళూ. వీళ్ళలో నార్డెన్‌టాఫ్ట్, హార్న్‌సిల్డ్ ఐయోవా రాష్ట్రం డెమోయిన్‌లో డేనిష్‌వాళ్ళు పెట్టుకున్న గ్రాండ్ వ్యూ కాలేజీలో పనిచేసినవాళ్ళు. మిడ్‌వెస్ట్ చలి, అక్కడ అప్పటికే పెరిగిపోయిన భూమి రేట్లు, వీటన్నిటికీ దూరంగా పసిఫిక్ వైపు ఒక డేనిష్ కాలనీ, అందులో ఒక స్కూలు పెట్టాలని వీళ్ళ ప్లాను. 1911లో శాంటా యినెజ్ లోయలో దాదాపు 9,000 ఎకరాలు కొన్నారు, కొని ముక్కలుగా చేసి మిగతా రాష్ట్రాల్లో ఉన్న డేనిష్ కుటుంబాలకి అమ్మారు. డేనిష్ పేపర్లలో ప్రకటనలు, ఉత్తరాలు, చర్చిలో ఒకరికొకరు చెప్పుకోవడం, అలా జనం చేరారు. మన భాషలో చెప్పాలంటే పక్కా వెంచర్, కాకపోతే క్లబ్ హౌస్ బదులు స్కూలు చూపించి ప్లాట్లు అమ్మిన వెంచర్.

అసలు డెన్మార్క్ వదిలి ఎందుకొచ్చారు? అది బాగా డబ్బున్న దేశం కదా?

ఇప్పుడు డబ్బున్న దేశం, అప్పుడు కాదు. 19వ శతాబ్దం రెండో సగంలో అక్కడ పల్లెల్లో జనాభా పెరిగింది, పొలం పెరగలేదు, పెద్దకొడుకు తప్ప మిగతావాళ్ళు కూలికి పోవాల్సిన పరిస్థితి. 1864లో ప్రష్యా (అప్పటి పెద్ద జర్మన్ రాజ్యం), ఆస్ట్రియాలతో యుద్ధంలో ఓడిపోయి శ్లేస్విగ్ ప్రాంతం పోగొట్టుకున్నారు, అక్కడి కుర్రాళ్ళు ప్రష్యా సైన్యంలో చేరాల్సి వస్తుందని చాలామంది ఓడెక్కేశారు. ఇంకొంతమంది మార్మన్ మతంలో చేరి యూటా వెళ్ళారు, వీళ్ళే వేలల్లో ఉంటారు. అన్నిటికంటే ఎక్కువమంది వెళ్ళిన ఏడాది 1882, ఆ ఒక్క ఏడాదే 11 వేలకు పైగా. మొత్తం చూస్తే 1930ల లోపు సుమారు 3 లక్షల మంది.

మూడు లక్షలంటే ఎక్కువే అనిపిస్తుంది కానీ పక్క దేశాలతో పోలిస్తే తక్కువ, నార్వే నుంచి 8 లక్షలకు పైగా, స్వీడన్ నుంచి 12 లక్షల దాకా వచ్చారు. పైగా డేనిష్‌వాళ్ళు ఒకచోట గుంపుగా ఉండకుండా అన్ని రాష్ట్రాల్లోకీ చెదిరిపోయారు, బయటివాళ్ళని పెళ్ళి చేసుకున్నారు, భాష తొందరగా వదిలేశారు, స్కాండినేవియా వలసల్లో అందరికంటే త్వరగా అమెరికాలో కలిసిపోయింది వీళ్ళే అంటారు చరిత్రకారులు. సాల్వాంగ్ లాంటి కాలనీలు పెట్టిందే అది ఆపుదామని. ఆగిందా అంటే, భాష విషయంలో ఆగలేదు, చర్చి కూడా మెల్లగా ఇంగ్లీషుకి మారింది.

లోపల ఏమేం చూడొచ్చు?

ఎప్పుడూ ఉండే భాగం ఒకటి, మారే భాగం ఒకటి. ఎప్పుడూ ఉండే భాగంలో ఊరు పుట్టిన కథ, మొదటి కుటుంబాల ఫొటోలు, స్కూలు గురించి, డెన్మార్క్ పల్లె ఇంట్లో వాడే సామాన్లు, చేతిపనులు. అతిథుల కోసం ప్రత్యేకంగా సర్ది పెట్టుకునే గది, వంటిల్లు, ఇలా ఇంటిని ఇల్లులాగే చూపిస్తారు. మారే భాగం ఆర్ట్ గ్యాలరీ, ఏడాదిలో కొన్నిసార్లు ఎగ్జిబిషన్ మారిపోతుంది.

డేనిష్ వలస సామాను చూసేటప్పుడు ఒక చిన్న సలహా. అందమైనవాటి దగ్గరే ఆగిపోకండి. ఓడలో తెచ్చుకున్న చెక్కపెట్టెలుంటాయి కదా, ఇలాంటివి ఏ వలస మ్యూజియంలోనైనా కనిపిస్తాయి, దాని మీద పేరు, వెళ్ళాల్సిన ఊరు రంగుతో రాసి ఉంటాయి, లోపల పట్టేది ఎంతని చూడండి. ఒక కుటుంబం మొత్తం ఆస్తి అందులోనే సర్దుకోవాలి. అందులో బైబిలు, పాటల పుస్తకం పట్టాయి, నూలు వడికే సామాను పట్టింది, ఎంబ్రాయిడరీ చేసిన గుడ్డలు పట్టాయి. ఇద్దరికి కలిపి నాలుగు చెకిన్ బ్యాగులు, 23 కేజీల లెక్క, పచ్చడి సీసా ఏ బ్యాగులో అని గొడవ పడ్డవాళ్ళకి ఆ పెట్టె ముందు నిలబడితే ఎవరూ వివరించక్కర్లేదు.

గుడ్డలంటే గుర్తొచ్చింది, హెడెబో అని ఒక కుట్టుపని ఉంది, కాపెన్‌హాగెన్ దగ్గర పల్లెల్లో పుట్టింది. తెల్లగుడ్డ మీద తెల్లదారం. దూరం నుంచి చూస్తే ఏమీ కనిపించదు, దగ్గరికెళ్తే గుడ్డలో దారాలు లాగేసి, కత్తిరించి, ఆ ఖాళీల్లో లేసు అల్లి ఉంటుంది. రంగు లేకుండా ఇంత పని ఎందుకు చేశారా అనిపిస్తుంది మనకి, మన కంటికి రంగు అలవాటు కదా.

"పరీక్షల్లేని కాలేజీ" ఉండేదంటారు, నిజమేనా?

నిజమే, దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మ్యూజియంలో మనవాళ్ళు గబగబా దాటేసే భాగం ఇదే, నాకు మాత్రం ఇదే ముఖ్యం.

డెన్మార్క్‌లో గ్రుంట్‌విగ్ అని ఒకాయన ఉండేవాడు, 1783లో పుట్టి 1872లో పోయాడు, పాస్టరు, కవి, పాటలు రాశాడు. ఆయన ఆలోచనేంటంటే, రైతుల పిల్లలకి, పెద్దయ్యాక, పద్దెనిమిది దాటాక, కొన్ని నెలలు ఒకచోట కలిసి ఉండి చరిత్ర, భాష, పాటలు, కథలు వింటూ చర్చించుకునే స్కూళ్ళు కావాలి, పరీక్షలుండకూడదు, మార్కులుండకూడదు, సర్టిఫికెట్ ఉండకూడదు, బట్టీ అసలే ఉండకూడదు. ఫోక్ హైస్కూల్ అంటారు వాటిని. మొదటిది 1844లో రొడింగ్ అనే ఊళ్ళో మొదలైంది. పొలం పనులు లేని చలికాలంలో కుర్రాళ్ళు, ఎండాకాలంలో అమ్మాయిలు వచ్చి ఉండేవాళ్ళు, ఇది చాలాచోట్ల పద్ధతి.

సాల్వాంగ్‌లో ఊరు మొదలైన ఏడాదే, 1911లోనే, స్కూలు కూడా తెరిచారు. ఆ మొదటి బిల్డింగ్ తర్వాత రోజుల్లో రెస్టారెంట్ అయింది. 1914లో కొండ మీద పెద్ద బిల్డింగ్ కట్టి అటర్‌డాగ్ కాలేజ్ అని పేరు పెట్టారు. పేరులో కాలేజీ ఉంది కానీ డిగ్రీ ఇచ్చేది కాదు, ఉపన్యాసాలు, పాటలు, జానపద నృత్యాలు, జిమ్నాస్టిక్స్, అంతే. ఆ బిల్డింగ్ ఇప్పుడు లేదు, 1970లో పడగొట్టేశారు, అందుకే ఊళ్ళో తిరిగితే దాని ఆనవాలు తెలీదు, వీధి పేరు మాత్రం మిగిలింది.

ఇక్కడ ఇంకో మెలిక కూడా ఉంది. అమెరికాలోని డేనిష్ చర్చి 1894లో రెండుగా చీలింది, గ్రుంట్‌విగ్ వైపువాళ్ళు ఒకటి, ఇన్నర్ మిషన్ అనే కట్టుబాట్లు ఎక్కువున్న వర్గం ఇంకోటి. మొదటివాళ్ళని "హ్యాపీ డేన్స్" అనీ రెండోవాళ్ళని "హోలీ డేన్స్" అనీ పిలిచేవాళ్ళు, ఎందుకంటే మొదటివాళ్ళు డాన్సులు చేసేవాళ్ళు, రెండోవాళ్ళు డాన్స్ పాపం అనేవాళ్ళు. సాల్వాంగ్ పెట్టింది హ్యాపీ పార్టీ. పరాయిదేశంలో ఉన్నదే గుప్పెడు మంది, అందులో రెండు సంఘాలు, రెండు కాలేజీలు, ఒకరి ఫంక్షన్‌కి ఒకరు వెళ్ళకపోవడం. అమెరికాలో మన తెలుగు సంఘాల్ని చూసినవాళ్ళకి ఇది నేను విడమర్చి చెప్పాల్సిన పనిలేదు.

ఆ ఇల్లు కట్టింది ఎవరు?

విగ్గో బ్రాంట్-ఎరిక్సన్ అనే డేనిష్ శిల్పి, ఆయన భార్య మార్తా మాట్, ఆమె కూడా ఆర్టిస్టే. ఆయన అమెరికా వచ్చాక మొదట తూర్పు తీరంలో, న్యూ హాంప్‌షైర్‌లోని జాఫ్రీ అనే ఊళ్ళో ఉండేవాడు, అక్కడ మొదటి ప్రపంచ యుద్ధం సైనికుల స్మారకం ఆయన చెక్కిందే, ఒకటే పెద్ద గ్రానైట్ బండలోంచి తీసిన శిల్పం. తర్వాత సాల్వాంగ్ వచ్చి 1950 ప్రాంతంలో ఈ ఇల్లు మొదలెట్టారు. డెన్మార్క్‌లోని యూట్‌ల్యాండ్‌లో 18వ శతాబ్దం నాటి పెద్ద రైతు ఇళ్ళ పద్ధతిలో కట్టుకున్నారు. తలుపు చెక్కడం, ఇనుప పని, రంగులద్దిన చెక్క పలకలు, అన్నీ చూసుకుంటూ నెమ్మదిగా నడవండి. ఎల్వర్‌హోయ్ అన్నది 1828లో డెన్మార్క్‌లో వచ్చిన ఒక నాటకం పేరు, అక్కడ దాన్ని జాతీయ నాటకం లాగా చూస్తారు, ఇంటికి ఆ పేరే పెట్టుకున్నారు.

మెయిన్ రోడ్ మీది డేనిష్ షాపులకీ ఈ ఇంటికీ తేడా ఏంటంటే, అవి కస్టమర్ల కోసం కట్టినవి, ఇది వాళ్ళు ఉండటానికి కట్టుకున్నది. దాదాపు ఒకే కాలం, ఒకే స్టైలు, అయినా పక్కపక్కన పెట్టి చూస్తే ఇట్టే తెలిసిపోతుంది.

కాగితం కత్తిరింపుల గురించి అందరూ చెప్తారు, ఏంటవి?

డేనిష్‌వాళ్ళకి కత్తెర, కాగితం దొరికితే చాలు. పిల్లల కథల ఆండర్సన్ ఉన్నాడు కదా, హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్, ఆయన కథ చెప్తూ చెప్తూ కాగితం మడిచి కత్తిరిస్తూ ఉండేవాడట, కథ అయిపోయేసరికి విప్పితే కోటలు, హంసలు, డాన్స్ చేసే అమ్మాయిలు.

క్రిస్మస్‌కి చేసే గుండె ఆకారం బుట్ట ఒకటుంది, ఇంట్లో మీరే చేసి చూడొచ్చు. ఎరుపు కాగితం ఒకటి, తెలుపు ఒకటి, రెండిట్నీ సగానికి మడిచి, ఒక చివర గుండ్రంగా కత్తిరించాలి. మడత ఉన్న వైపు నుంచి సమానంగా చీలికలు పెట్టాలి. ఇప్పుడు రెండిట్నీ అడ్డంగా పెట్టి, మొదటి పట్టీని ఇంకోదాని పొరల మధ్యలోంచి తోసి, రెండోదాన్ని మొదటిదాని పొరల మధ్యకి తీసుకుని, మళ్ళీ లోపలికి, మళ్ళీ చుట్టూ, ఇలా అల్లుకుంటూ పోవాలి. చాప అల్లినట్టు పైకీ కిందకీ కాదు, పొర లోపలికి దూర్చాలి, అందరూ తప్పు చేసేది ఇక్కడే. సరిగ్గా వస్తే చివర్లో బుట్టలా తెరుచుకుంటుంది, తప్పుగా అల్లితే తెరుచుకోదు. చిన్న హ్యాండిల్ అంటించి చెట్టుకి వేలాడదీసి అందులో మిఠాయిలు వేస్తారు. ఆండర్సన్ చేసినది, 1860 నాటిది, ఒకటి ఇప్పటికీ ఉంది.

ఈస్టర్‌కి ముందు ఇంకో ఆట. కాగితాన్ని మడిచి లేసులా కత్తిరించి, మధ్యలో చిన్న తమాషా పద్యం రాసి, కింద సంతకం బదులు పేరులో ఎన్ని అక్షరాలుంటే అన్ని చుక్కలు పెట్టి పంపిస్తారు. స్నోడ్రాప్ అనే చిన్న తెల్లపువ్వు ఒకటి కూడా పెడతారు. ఎవరు పంపారో కనుక్కోలేకపోతే అందుకున్నవాళ్ళు ఈస్టర్ గుడ్డు బాకీ, కనుక్కుంటే పంపినవాళ్ళు బాకీ. ఇలాంటివి అద్దాల వెనక పెట్టి చూపించినప్పుడు కాస్త ప్రాణం తక్కువగా ఉంటుంది, అందుకే పిల్లలు వెంట ఉంటే ముందే ఇంట్లో ఒకటి చేయించి తీసుకెళ్ళండి.

ఆర్ట్ గ్యాలరీలో ఎలాంటివి పెడతారు? అన్నీ డేనిష్‌వేనా?

కాదు. స్థానిక కాలిఫోర్నియా ఆర్టిస్టులవి కూడా వస్తాయి, పెయింటింగ్స్, ఫొటోలు, గుడ్డపని. మీరు వెళ్ళినప్పుడు ఏముందో వాళ్ళ సైట్‌లో చూసుకుని వెళ్ళడమే మంచిది, ఎగ్జిబిషన్ మార్చే మధ్యలో గ్యాలరీ మూసి ఉండే అవకాశం ఉంది.

డేనిష్ అమెరికన్ ఆర్ట్ అంటే పెద్ద పేర్లు కొన్ని తెలిసుంటే చూసే కన్ను మారుతుంది. మౌంట్ రష్‌మోర్ కొండ మీద నలుగురు ప్రెసిడెంట్ల తలలు చెక్కించిన గట్జన్ బోర్గ్లమ్, ఆయన తల్లిదండ్రులు డేనిష్ వలసదారులే. ఓలాఫ్ వీగ్‌హార్స్ట్ డెన్మార్క్‌లోని వీబోర్గ్‌లో పుట్టి, అమెరికా వచ్చి, సైన్యంలో గుర్రాల దళంలో, తర్వాత న్యూయార్క్‌లో గుర్రం మీద తిరిగే పోలీసుగా పనిచేసి, చివరికి గుర్రాలు, కౌబాయ్‌ల పెయింటింగులతో పేరు తెచ్చుకున్నాడు. ఒక డేనిష్ కుర్రాడు వెస్ట్రన్ బొమ్మలకి అంత పేరు తెచ్చుకోవడం నాకు భలే అనిపిస్తుంది. జేకబ్ రీస్ 1870లో వచ్చి, పని దొరక్క రోడ్డు మీద పడుకుని, తర్వాత రిపోర్టరై, న్యూయార్క్ మురికివాడల ఫొటోలు తీసి 1890లో పుస్తకం వేస్తే ఆ ఇళ్ళ పరిస్థితి మీద పెద్ద గొడవ అయింది. ఐయోవాలో క్రిస్టియన్ పీటర్సన్ శిల్పాలు ఒక యూనివర్సిటీ నిండా ఉన్నాయి. వీళ్ళెవరూ గాలిమరలు వేస్తూ కూర్చోలేదు.

వాళ్ళు కొన్న 9,000 ఎకరాలు అంతకుముందు ఎవరివి?

చూమాష్ అనే స్థానిక ఆదివాసీ తెగవాళ్ళ నేల. 1804లో స్పానిష్ పాదరీలు మిషన్ శాంటా ఇనెస్ అనే చర్చి కట్టారు, ఇప్పటికీ ఊళ్ళోనే ఉంది, మ్యూజియం నుంచి దగ్గరే. 1824లో చూమాష్‌ల పెద్ద తిరుగుబాటు మొదలైంది ఆ మిషన్లోనే. తర్వాత మెక్సికో కాలంలో ఆ భూములు రాంచోలు, అంటే పెద్ద పెద్ద పశువుల ఎస్టేట్లు, అయ్యాయి, ఆ తర్వాత చేతులు మారి మారి డేనిష్ కంపెనీ చేతికొచ్చాయి. డేనిష్‌వాళ్ళు డబ్బిచ్చి కొన్నారు, ఎవర్నీ తరమలేదు, అది నిజమే. కానీ ఊరి చరిత్ర 1911తో మొదలైనట్టు చెప్తే ముందు అధ్యాయాలు చింపేసిన పుస్తకం చదివినట్టుంటుంది, కాబట్టి మ్యూజియం, మిషన్ రెండూ ఒకేరోజు చూడమని నా మాట.

టికెట్, టైమింగ్, పిల్లలు, పెద్దవాళ్ళు?

చాలాకాలంగా ఇంత అని సూచించి విరాళంగా తీసుకునే పద్ధతి, కొద్ది డాలర్లే. వారంలో అన్ని రోజులూ తెరవరు, వారం మధ్యలో వెళ్ళేవాళ్ళు తప్పకుండా ముందు చూసుకోండి. గంట చాలు, నిదానంగా చదివేవాళ్ళకి గంటన్నర. ఎల్.ఏ. నుంచి 130 మైళ్ళ దాకా, బ్యూల్టన్ దగ్గర 101 దిగి 246 రోడ్డు మీద మూడు మైళ్ళు. ఇంగ్లీషు రాని అమ్మమ్మ, తాతయ్యలకి లేబుళ్ళు చదవలేరని బెంగ వద్దు, వంటింటి సామాను, కుట్టుపని వాళ్ళకి మనకంటే బాగా అర్థమవుతాయి.

ఏబుల్‌స్కీవర్ తినాలా? వెజిటేరియన్లకి ఏముంటుంది?

తినండి, ఉండల్లాంటి డేనిష్ పాన్‌కేకులు అవి. పెనం చూస్తే మీరే నవ్వుతారు, గుంతలున్న ఇనుప పెనం, అచ్చం మన గుంతపొంగణాల పెనమే, సూదితోనో పుల్లతోనో తిప్పడం కూడా అదే. పిండిలో గుడ్డు ఉంటుంది, గుడ్డు తిననివాళ్ళు చూసుకోండి. పైన పంచదార పొడి, పక్కన రాస్ప్‌బెర్రీ జామ్. బ్యూల్టన్‌లో బఠాణీ సూప్‌కి పేరున్న ఆండర్సన్స్ ఉండేది, ఆంటన్ ఆండర్సన్ అనే డేనిష్ వలసదారు, భార్యతో కలిసి 1924లో పెట్టింది, వందేళ్ళ దాకా నడిచి 2024లో మూతపడింది, పాత బ్లాగులు చూసి దానికోసం వెతక్కండి.

డేనిష్ మ్యూజియం అంటే ఐయోవాలో ఉన్నది కదా? రెండూ ఒకటేనా?

వేరు వేరు. ఐయోవాది మ్యూజియం ఆఫ్ డేనిష్ అమెరికా, ఎల్క్ హార్న్ అనే చిన్న ఊళ్ళో, ఒమాహాకీ డెమోయిన్‌కీ మధ్యలో. 1983లో డేనిష్ ఇమిగ్రెంట్ మ్యూజియంగా మొదలై, 1994లో సొంత బిల్డింగులోకి వెళ్ళి, 2013లో పేరు మార్చుకుంది. అది మొత్తం దేశంలోని డేనిష్ వలస కథ చెప్తుంది, వంశవృక్షాలు వెతుక్కునే సెంటర్ ఉంది, షికాగో పార్కులు డిజైన్ చేసిన జెన్స్ జెన్సన్ పేరుతో ప్రెయిరీ గడ్డి పార్కు ఉంది. ఎల్వర్‌హోయ్ ఒక ఊరి కథ. ఎల్క్ హార్న్ వైపు వెళ్ళే పనిపడితే గాలిమర మాత్రం వదలకండి, సాల్వాంగ్‌వి ఇక్కడే కట్టినవి, అక్కడిది 1848లో డెన్మార్క్‌లో కట్టింది, దాన్ని విప్పి 1976లో ఓడలో తెచ్చి ఊరివాళ్ళు మళ్ళీ నిలబెట్టింది.

డెన్మార్క్‌కీ మనకీ ఏమైనా సంబంధం ఉందా?

ఈ మ్యూజియంలో కనిపించదు కానీ ఉంది. 1620లో డేనిష్‌వాళ్ళు తమిళనాడు తీరంలో తరంగంబాడి తీసుకున్నది ఎవరి దగ్గరనుకున్నారు, తంజావూరు రఘునాథ నాయకుడి దగ్గర, మన తెలుగు కవిరాజే. ఆయన డెన్మార్క్ రాజుకి పంపిన బంగారు రేకు మీది లేఖ కాపెన్‌హాగెన్‌లో ఉంది, రాత తమిళం, సంతకం తెలుగు. 1845 దాకా ఆ ఊరు డేనిష్‌వాళ్ళదే, తర్వాత ఇంగ్లీషువాళ్ళకి అమ్మేశారు. అక్కడి డేనిష్ మిషన్‌లో పనిచేసిన షుల్జ్ అనే జర్మన్ పాదరీయే 1740ల్లో జర్మనీలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించింది.

ఎప్పుడు వెళ్తే మంచిది, అదేరోజు ఇంకేం చూడొచ్చు?

సెప్టెంబర్‌లో డేనిష్ డేస్ జరుగుతాయి, 1936లో ఊరికి పాతికేళ్ళు నిండినప్పుడు మొదలైన పండగ, జానపద నృత్యాలు, పరేడ్, వీధిలో ఏబుల్‌స్కీవర్, రష్ మాత్రం మామూలుగా ఉండదు, పార్కింగ్‌కే సగం ఉత్సాహం పోతుంది. డిసెంబర్‌లో లైట్లు బాగుంటాయి. మ్యూజియం ప్రశాంతంగా చూడాలంటే పండగల్లేని రోజు పొద్దున్నే వెళ్ళడం మేలు. అయ్యాక మిషన్ చూసి, అటర్‌డాగ్ రోడ్‌లో 1928 నాటి బెథానియా చర్చి తెరిచి ఉంటే లోపలికి వెళ్ళి పైకి చూడండి, కప్పు నుంచి చిన్న ఓడ వేలాడుతూ ఉంటుంది, డెన్మార్క్ చర్చిల్లో అలా కట్టడం ఆనవాయితీ. ఊళ్ళో పుస్తకాల షాపు మేడ మీద పిల్లల కథల ఆండర్సన్ మ్యూజియం ఉంది, ఫ్రీ. ఇంకా టైం మిగిలితే బ్యూల్టన్ దారిలో ఆస్ట్రిచ్ ఫామ్ ఉంది, పిల్లలు మాత్రం మ్యూజియం కంటే దాన్నే గుర్తుపెట్టుకుంటారు, ముందే చెప్తున్నా.